తాత జీపు బరువు తగ్గిన ఆషాఢం

మా కాక కొడుకు వేణు జల్‌పల్లిలో కొత్త కాలనీలో ఉంటాడు. ఇల్లు చిన్నది, ఇంటి ముందు నిలబెట్టుకున్న పాత కారు పెద్దది. కిందటి ఆదివారం జహనుమాలో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు. "అక్కా, కార్ల ఫ్లైవీల్ బరువు తగ్గిపిస్తె ఎట్లుంటది? వీడియోలల్ల మస్తు చెప్తున్నరు. పికప్ బాణం లెక్క ఉంటదట." నేను పిల్లలకు సంధులు కలిపి, సమాసాలు విడదీసి రిటైరైన తెలుగు టీచర్ని. బరువు తగ్గితే వచ్చే లాభాల గురించి మా డాక్టరు నేను వెళ్లినప్పుడల్లా చెబుతూనే ఉంటాడు, నేను వింటూనే ఉంటాను, బరువు ఉంటూనే ఉంటుంది. అయినా వేణు అడిగింది సరైన మనిషినే. వాళ్ల నాన్న, అంటే మా యాదగిరి కాక, పోయి ఏడాది దాటింది. ఒకప్పుడు మా తాత జీపుకు సరిగ్గా ఇదే పని చేయించింది ఆయనే. ఆ బండిని నడిపినవాళ్లలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే. వాడికి చాయ్ పోసి ఇచ్చి, ఆ రోజు సగమే చెప్పాను. మిగతా సగం అప్పట్నుంచీ నా లోపల తిరుగుతూనే ఉంది.

ఫ్లైవీల్ అంటే ఇంజన్ వెనక, క్లచ్చికి ఆనుకుని తిరిగే బరువైన ఇనుప చక్రం. పేరులో ఎగరడం ఉంది గానీ, దాని ఉద్యోగమంతా ఇంజన్ ఎగిరిపడకుండా చూడటమే. ఇంజన్ ఒక్క తీరుగా తోయదు. ఒకసారి తోస్తుంది, ఊపిరి పీల్చుకుంటుంది, మళ్లీ తోస్తుంది. తోసినప్పుడు కాస్త దాచి, ఊపిరి పీల్చుకునే సందులో తిరిగి ఇచ్చేది ఈ చక్రం. నెల మొదట్లో చక్కెర కొంచెం దాచిపెట్టి నెలాఖరున చాయ్‌లోకి తీసే మా అమ్మ లాంటిదన్నమాట. చక్రం బరువైతే దాచేదీ ఎక్కువే, కానీ దాన్ని లేపాలన్నా ఆపాలన్నా తీరిక కావాలి. తేలిక చేస్తే ఇంజన్ ఇట్టే లేస్తుంది, ఇట్టే దిగుతుంది, ఇట్టే ప్రాణం విడుస్తుంది కూడా. ఇదంతా నేను పుస్తకంలో చదవలేదు. లాల్‌దర్వాజా గల్లీలో నా ఎడమ కాలితో నేర్చుకున్నాను.

మా తాత సర్కారు దఫ్తరులో జీపు డ్రైవరు. రిటైరయ్యాక చేతులు ఊరుకోక, వేలంలో ఒక ముసలి పెట్రోలు జీపును కొన్నాడు. వంకర గల్లీలో మా అద్దె ఇంటి గోడకు ఆనుకుని నిలబడేది. దాని వెనక భాగం మా కిటికీ కిందికి రావడంతో, నేను చదువుకున్న చదువంతా పెట్రోలు వాసనతోనే ఎక్కింది. తాత పొద్దున్నే లేచి, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పాత ధోవతి ముక్క తడిపి జీపును తుడిచేవాడు. తర్వాత స్టార్ట్ చేసి అలా వదిలేసేవాడు. బండి ఎక్కడికీ పోదు; తాత కూడా ఎక్కడికీ పోడు. అమ్మ తెచ్చిన చాయ్ గ్లాసును బానెట్ మీద పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని పేపరు చదివేవాడు. ఇంజన్ నిద్రపోతున్న పెద్దమనిషి గురకలా ఒకే తీరున నడుస్తూ ఉండేది. గ్లాసులో చాయ్ మీద సన్నటి వలయం ఒకటి పుట్టి అంచుకు పోయేది, అంతే. చుక్క కూడా తొణికేది కాదు. పక్కింటివాళ్లు ఆ చప్పుడుకు లేచేవారు. గుడి వైపు నుంచి సాంబ్రాణి, వంటింట్లోంచి ఉల్లిగడ్డ తాలింపు, వీటి మధ్య జీపు పొగ. మా ఇంట్లో పొద్దు అంటే ఈ మూడు వాసనలు కలవడమే.

ఆ జీపుకు ఏడాదిలో ఒక్కటే అసలైన కొలువు. ఆషాఢంలో బోనాల నాడు పొద్దుగూకే వేళ మా గల్లీ ఫలహారం బండిని గుడి దాకా లాగడం. పండ్లు, మిఠాయిలు, పూలదండలతో అలంకరించిన పెద్ద బండి అది. ముందు డప్పులు, వాటి ముందు అమ్మవారి తమ్ముడి వేషంలో పోతరాజు ఆట. పోతరాజు నాలుగడుగులు ముందుకేసి మూడడుగులు వెనక్కి వస్తాడు. వెనకొచ్చే జీపు మనిషి నడక కన్నా నెమ్మదిగా పాకాలి. తాత కాలు క్లచ్చి మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, కిటికీలోంచి అందరినీ పలకరిస్తూ పోయేవాడు. మధ్యలో అజాగ్రత్తగా ఉన్నా ఆ బరువు చక్రమే జీపును లాక్కుపోయేది. గల్లీవాళ్లు ఆ పనిని మా ఇంటికి రాసిచ్చినట్టే అనుకునేవారు.

ఒక చలికాలం తాత పోయాడు. ఆయన పోయిన తర్వాత కూడా అమ్మ పొద్దున్నే ఆయన వేళకు ఒక గ్లాసు చాయ్ ఎక్కువ పెట్టేది. పెట్టాక గుర్తొచ్చి, గ్లాసు వంక చూసి, తనే తాగేది. ఇంజన్ ఆగిపోయినా చక్రం కాసేపు తిరగడం అంటే ఏమిటో నాకు ఎవరూ అంతకన్నా బాగా చెప్పలేదు. జీపు మాత్రం కదలకుండా నిలబడి ఉండేది. గల్లీలోకి సిలిండర్ల రిక్షా రావాలన్నా, పెళ్లి పందిరి వేయాలన్నా అదే అడ్డం. మా బాపుకు, అంటే నాన్నకు, మొదటినుంచీ మోటార్లంటే గిట్టదు. గుమాస్తా పనికి సైకిలు మీద పోయి, సైకిలు మీద వచ్చేవాడు. ఒకరోజు అన్నం దగ్గర అన్నాడు.

"నడిపెటోడు పోయిండు. గీ ఇనుప గుట్టను పెట్టుకొని ఏం జేస్తం?"

"నేను లేనా అన్నా?" అన్నాడు కాక. మోటారు సామాన్ల దుకాణంలో పనిచేసేవాడు; ఒంట్లో నెత్తురు కన్నా పెట్రోలే ఎక్కువని అమ్మ అనేది.

"నువ్వు నడుపవురా. ఉరికిస్తవు."

కాక అన్నం కలపడం ఆపాడు. అప్పటికి బాపు చివరి మాట సిద్ధం చేసుకునే కూర్చున్నాడు. "బోనాలు ఎల్లనీ. నాయిన లెక్కనే ఫలారం బండిని గుడి దాక గుంజుకపోయినవా, జీపు ఇంట్లనే ఉంటది. నడిమిట్ల ఆగి పరువు తీసిందా, తెల్లారి అమ్ముడే. చాంద్రాయణగుట్టల ఒకాయనతోని మాట్లాడి పెట్టిన."

తాత మిగిల్చిపోయినవాటిలో కాక తనదనుకున్నది ఆ జీపు ఒక్కటే. అది పోతే ఆయనకు తండ్రి రెండోసారి పోయినట్టే. మాకందరికీ ఆ సంగతి తెలుసు. బాపుకు కూడా తెలుసు, అందుకే బోనాల దాకా ఆగాడు.

ఏ తెలివైన మనిషైనా అప్పుడు ఏం చేస్తాడు? జీపును ముట్టుకోకుండా ఉంటాడు. మా ఇంట్లో తెలివైనవాళ్లు లేరని కాదు, ఉన్నవాళ్లంతా ఎప్పుడూ వేరే గదిలో ఉండేవారు. జీపు తాత కాలంలో కన్నా బాగుందని అన్నకు చూపించాలని కాక పంతం పట్టాడు. బాగుండటం అంటే ఆయనకు పికప్. దుకాణానికి వచ్చే కుర్రవాళ్లెవరో పందేల బండ్లలో ఫ్లైవీల్ చెక్కిస్తారని చెవిలో వేశారు. ఏడాదిలో ఒక్క సాయంత్రం, అదీ పోతరాజు వెనక పాకడానికి తప్ప ఇంకే కొలువూ లేని బండిని, పరుగుకు సిద్ధం చేసిన ఘనత భూమ్మీద మా కాకకే దక్కుతుందనుకుంటాను.

ఇంజన్ బౌలి దగ్గర ఇస్మాయిల్ భాయ్ అనే కాక స్నేహితుడికి ఇనుము చెక్కే లేత్ మిషన్ ఉండేది. గేర్‌బాక్సు దించి, క్లచ్చి విప్పి, ఆ ఇనుప చక్రాన్ని గోనెసంచిలో చుట్టి రిక్షాలో తీసుకుపోయాం. నాకు డిగ్రీ సెలవులు. సంచి రిక్షాలోంచి దొర్లకుండా పట్టుకోవడం నా వంతు. ఇస్మాయిల్ భాయ్ చక్రాన్ని మిషన్‌కు బిగించి అంచు చెక్కడం మొదలుపెట్టాడు. బరువు అంచున తీస్తేనే ఫలితం ఎక్కువ, నడిమిట్ల తీస్తే గుణం రాదని చెప్పాడు. నల్లటి మురికి పోయి లోపలి ఇనుము వెండిలా మెరిసింది. పొడి పొడిగా రాలే రజను కాళ్ల దగ్గర కుప్పపడుతుంటే ఇద్దరి కళ్లూ వెలిగాయి.

"బస్ క్యా, యాదగిరి? ఇంత చాలునా?"

"ఇంకొంచెం తీయి భాయ్."

"తీస్త. గని పల్చగయితే గిర్రున తిరిగినప్పుడు పగులుతది. క్లచ్చి డబ్బా చీల్కొని బయటికొస్తది. మీ వదిన నన్ను చంపుతది."

"పగలకుంట తీయి. ఇంకొంచెం."

మీసం రెండు వైపులా సమానం చేయబోయిన మంగలిలా ఇద్దరూ అటు కొంచెం, ఇటు కొంచెం తీసుకుంటూ పోయారు. చివరకు చక్రం పగిలే దాకా పోలేదు గానీ, పెళ్లికి ముందు ఉపవాసాలున్న పెళ్లికూతురిలా తేలింది. తిరుగు ప్రయాణంలో నేనొక్కదాన్నే దాన్ని ఒడిలో పెట్టుకోగలిగాను.

బిగించడానికి ఆదివారమంతా పట్టింది. నట్లు కిరోసిన్‌లో కడగడానికి కాక ఒక గిన్నె అందుకున్నాడు. అది అమ్మ దేవుడి సామాన్లు తోముకోవడానికి చింతపండు నానబెట్టుకునే గిన్నె. ఆ తర్వాత జరిగిన లొల్లి గల్లీ చివరి దాకా వినబడింది. సాయంత్రం కాక జీపు స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తాకాడు. అది ఒక్క అరుపు అరిచింది. కాలు తీస్తే ఠక్కున దిగింది. ముట్టుకుంటే పలికేది, వదిలితే ఊరుకునేది. కాక ముఖం చూడాలి! ఫలక్‌నుమా ఎక్కు రోడ్డు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్తే, తాత హయాంలో మూలుగుతూ పోయే జీపు గేరు మారిస్తే చాలు దూకింది. కిందికి దిగేటప్పుడు కాలు తీస్తే ఇంజనే పట్టి ఆపింది. అంతవరకు లాభాలు.

మర్నాడు పొద్దున కాక తాత అలవాటు గుర్తొచ్చి, ఇంజన్ వదిలేసి బానెట్ మీద చాయ్ గ్లాసు పెట్టాడు. గ్లాసు వణికి, పక్కకు నడిచి, అంచు దాకా పోయి కింద పడింది. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వాకిలి ఊడుస్తున్న అమ్మ చీపురు ఎత్తి గాజు ముక్కల వైపు చూపించి, "గిది పికప్ అయితే, గవన్ని పికప్ చెయ్" అంది.

నేను నేర్చుకున్నది ఆ రోగిష్టి బండి మీదే. కార్బొరేటర్ సరిచేస్తూ బానెట్ కింద తల పెట్టిన కాకకు, సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కేవాళ్లు ఒకరు కావాలి. ఆ ఒకరు నేను. తొక్కడం నుంచి తోలడం దాకా అట్లాగే వచ్చింది. పొద్దున్నే ఖాళీ మైదానంలో క్లచ్చి వదిలితే చాలు, జీపు ఒక గంతు వేసి చచ్చిపోయేది. బరువైన చక్రమైతే కొత్తవాళ్ల తప్పును తను మోస్తుంది. ఈ తేలిక చక్రం ఏ తప్పునూ మోయదు, అప్పటికప్పుడే ముఖం మీద చెప్పేస్తుంది. "నెమ్మదిగ వదుల్ బిడ్డా, నెమ్మదిగ!" అని కాక నెత్తి కొట్టుకునేవాడు. నెమ్మదికన్నా నెమ్మదిగా, క్లచ్చి ఎక్కడ పట్టుకుంటుందో కాలి బొటనవేలికి తెలిసేదాకా చేశాను. ఆ చోటు దొరికాక అక్కడే కాలు నిలిపి, చీమ నడిచినట్టు నడపడం వచ్చింది. నాకు జోరుగా నడపడం భయం గనక నెమ్మదిగా నడపడం ఒక్కటే బాగా వచ్చిందనడం న్యాయం.

బోనాల నాడు స్టీరింగ్ ముందు సహజంగానే కాక కూర్చున్నాడు. కొత్త చొక్కా, నుదుట పసుపు. ఫలహారం బండిని జీపు వెనక తగిలించారు. గల్లీ పెద్ద నర్సింగన్న కొబ్బరికాయ కొట్టి చెయ్యి ఊపాడు. డప్పులు మొదలయ్యాయి. కాక చిన్నప్పట్నుంచి తాత పక్కన నేర్చిన కాలుతో, ఆ పాత బరువును నమ్మి, క్లచ్చి వదిలాడు. జీపు గంతు వేసి ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాడు, మళ్లీ ఆగింది. జీపు ఒళ్లంతా వణుకుతుంటే డప్పు కొట్టేవాళ్లలో ఒకడు అరిచాడు.

"ఏందన్నా, జీపుకు పూనకమొచ్చిందా? యాపకొమ్మ తేవాల్నా?"

గల్లీ అంతా నవ్వింది. కాక ముఖం పసుపు కన్నా పచ్చబడింది. ఈసారి ఇంజన్ ఆగకుండా గట్టిగా తొక్కి వదిలాడు. జీపు ముందుకు దూకింది, వెనక బండి అదిరింది, పై వరసలోని అరటిగెల జారి కింద పడింది. పోతరాజు ఒక్క గంతులో పక్కకు తప్పుకున్నాడు. ఆడవాళ్లు కేక పెట్టారు. నర్సింగన్న వచ్చి జీపు తలుపు మీద చెయ్యి వేశాడు.

"యాదగిరీ, మీ నాయిన ముఖం జూసి ఊకుంటున్న. దిగు. పక్క గల్లీల ట్రాక్టరున్నది, పిలిపిస్త."

బాపు రోడ్డు అంచున, చేతులు వెనక కట్టుకుని నిలబడి ఉన్నాడు. ట్రాక్టరు వస్తే జీపుకు అదే ఆఖరి రోజని కాకకు తెలుసు. ఆ క్షణంలో ఆయన చేసిన పని ఆయన జీవితంలో చేసిన అన్ని పనుల్లోకీ బరువైనది. కిందికి దిగాడు. మంది మధ్యలో నన్ను వెతికాడు.

"సుగుణా, రా. నువ్వెక్కు."

"పిల్లనా?" అన్నాడు నర్సింగన్న.

"నా కాలు మా నాయిన బండికి మరిగింది అన్నా. గీ బండి గుణం గీ పిల్లకే ఎరుక. ఒక్కపారి సూడు. ఆగితే ట్రాక్టరు నేనే పిలుచుకొస్త."

ఎక్కాను. పట్టుపావడ జారకుండా మోకాళ్ల కింద దోపుకున్నాను. కాళ్లు వణుకుతున్నాయి, అదృష్టం కొద్దీ జీపు అంతకన్నా ఎక్కువ వణుకుతుండటంతో ఎవరికీ తేడా తెలియలేదు. బొటనవేలు ఆ చోటును వెతుక్కుంది. దొరికింది. జీపు కదిలిందో, గల్లీయే వెనక్కి జరిగిందో తెలియనంత నెమ్మదిగా ముందుకు పోయింది. పోతరాజు వీపు తప్ప నాకేమీ కనబడలేదు. ఆయన ముందుకు పోతే నేను పోయాను, ఆయన వెనక్కి వస్తే నేను ఊపిరి బిగబట్టాను. కాక కిటికీ పక్కనే నడుస్తూ, "గంతే, గంతే బిడ్డా," అంటూ ఉన్నాడు. గుడి ముందు మలుపులో ఒక్కసారి ఆగింది. నా గుండె కూడా ఆగింది. రెండూ వెంటనే మళ్లీ స్టార్ట్ అయ్యాయి. గుడి చేరేసరికి క్లచ్చి మాడిన వాసన సాంబ్రాణితో కలిసిపోయింది. దిగితే ఎడమ కాలు నిలబడలేదు. అమ్మ వచ్చి నడుం పట్టుకుని, "పెద్ద డ్రైవరు సాబ్," అంది, కళ్లు తుడుచుకుంటూ.

బాపు మాత్రం ఏమీ అనలేదు. అన్నం దగ్గర కూడా ఏమీ అనలేదు. చేరింది అంటే చేరింది. నడిమిట్ల ఆగిందా అంటే ఆగింది. ఆయన ఏ మాట మీద నిలబడతాడో ఎవరికీ తెలియదు. కాక ముద్ద మింగలేక లేచిపోయాడు.

ఇంతవరకూ వేణుకు చెప్పి, "ఖాళీ రోడ్డు మీద ఉరికేదుంటే చేయించు. పొద్దున్నే ట్రాఫిక్‌లో పాకుతూ పోయేదుంటే ఆ చక్రాన్ని ముట్టుకోకు" అన్నాను. వాడు పోయినంక కూర్చుని ఆలోచించాను. అప్పటి ఇళ్లలో చక్రాలు బరువుగా ఉండేవి. ఒక మనిషి అలవాటు ఆ మనిషి పోయాక కూడా తిరిగేది. కోపమైనా, ప్రేమైనా లేవడానికి రోజులు, చల్లారడానికి నెలలు. ఆ బరువు సుఖమని నేను చెప్పను. తాత వేళకు చాయ్ పెట్టాలని అమ్మ ఏ పొద్దూ కాస్త ఆలస్యంగా లేచి ఎరగదు. మోసిన వాళ్లకే ఆ బరువు తెలుసు. ఇప్పుడు నా ఇంట్లో నేనెప్పుడు లేస్తే అప్పుడే తెల్లవారుతుంది. ముట్టుకుంటే ఫోను పలుకుతుంది, అందరం గంతు వేసి అందుకుంటాం, మాట మధ్యలో ఆగిపోతాం. ఈ తేలికదనం నాకు నచ్చుతుంది. కానీ కొన్ని మధ్యాహ్నాలు ఇల్లు ఆగిపోయినట్టుంటుంది, మళ్లీ స్టార్ట్ చేయడానికి నేనొక్కదాన్నే ఉంటాను. అప్పుడనిపిస్తుంది, ఎవరో ఒకరు కాస్త దాచిపెట్టి ఈ సందులో తిరిగి ఇస్తే బాగుండునని.

బోనాల మర్నాడు పొద్దున జీపు కొంటానన్న చాంద్రాయణగుట్ట ఆయన చెప్పిన వేళకు వచ్చాడు. జీపు చుట్టూ తిరిగి, టైరు మీద కాలితో తన్ని, బానెట్ తెరవమన్నాడు. కాక గుమ్మం లోపలే నిలబడ్డాడు, బయటికి రాలేదు. బాపు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని బయటికి వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి ఉంది. దాని వైపు చూడలేదు.

"ఇయ్యాల బండి ఖాళీ లేదన్నా. దఫ్తరుకు పోవాలె" అన్నాడు.

"మరి రేపు రానా?"

"రేపు గూడ దఫ్తరున్నది."

ఆ మనిషి వెళ్లిపోయాక బాపు జీపు ఎడమ పక్క సీటు ఎక్కాడు. ఆ సీట్లో ఆయన కూర్చోగా నేను అంతకు ముందు చూడలేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని, ముందున్న కడ్డీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నన్ను పిలిచాడు. నేను స్టార్ట్ చేశాను. క్లచ్చి వదిలాను. ముందురోజు పోతరాజు వెనక అన్ని అడుగులు వేసిన జీపు, మా గుమ్మం ముందు, బాపును ఎక్కించుకుని, ఒక గంతు వేసి చచ్చిపోయింది. బాపు కడ్డీ వదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి వైపు చూడకుండా, అతనికి వినబడేటట్టు అన్నాడు.

"మీ కాక లోపల బరువు తీపిచ్చిండట గద. ఏం ఫికర్ జెయ్యకు. నేను గూసున్న. ఇగ నడువు."

ఆ బరువుకూ ఈ బరువుకూ సంబంధం లేదని చెప్పబోయాను. మళ్లీ స్టార్ట్ చేశాను, ఈసారి ముందుకు పోయింది.